ఇంట్లో కారు ఛార్జింగ్ - పర్లాకిమిడి నుంచి రెండేళ్ల అనుభవం

2023 చివర్లో నెక్సాన్ ఈవీ తీసుకున్నాం, 40.5 కిలోవాట్ అవర్ల బ్యాటరీది. మొదటి ఆరు నెలలు 15 ఆంప్స్ ప్లగ్గుకు పెట్టే చిన్న ఛార్జరుతోనే నడిపాను. 2024 జూన్‌లో గోడకు 7.2 కిలోవాట్ల ఛార్జింగ్ పెట్టె బిగించాను. దాని మీద రెండు వానాకాలాలు, ఒక ఎండాకాలం గడిచాయి. పాతపట్నంలో ఉండే మా బావ మొన్న కారు బుక్ చేసి, "ఏ ఛార్జరు కొనమంటావు బావా?" అని అడిగాడు. ఫోన్లో అరగంట చెప్పినా ఇంకా మిగిలిపోయింది. ఒడిశా, ఆంధ్ర సరిహద్దు ఊళ్లలో మనలాంటి ఇళ్లున్నవాళ్లకు పనికొస్తుందని అంతా ఇక్కడ రాస్తున్నాను.

నన్నడిగితే, ఏ కంపెనీ ఛార్జరు అన్నది మూడో ప్రశ్న. మొదటిది మీ ఇంటి ఎర్తు ఎలా ఉంది? రెండోది, రాత్రి ఏడింటికి మీ వీధిలో ఓల్టేజి ఎంత వస్తోంది?

గోడకు బిగించేదాన్ని ఛార్జరు అంటాం కానీ, అసలు ఛార్జరు కారు లోపలే ఉంటుంది. ఏసీ కరెంటును డీసీగా మార్చి బ్యాటరీకి ఎక్కించేది అదే. గోడ మీది పెట్టె కారుతో మాట్లాడి, ఎర్తు సరిచూసి, కరెంటు వదిలే స్విచ్చు లాంటిది. అందుకే 7.2 కిలోవాట్లు తీసుకునే కారుకు 11 కిలోవాట్ల పెట్టె పెట్టినా 7.2 దాటి ఎక్కదు. నాకు 11 కిలోవాట్లది అంటగట్టాలని షాపులో చాలా చెప్పారు. త్రీ ఫేజు కనెక్షన్ ఉన్నా నా కారు ఒక్క ఫేజు నుంచే లాగుతుంది. కారు పుస్తకంలో ఆన్‌బోర్డ్ ఛార్జర్ ఎంత అని రాసి ఉంటుంది. ముందు అది చూసి తర్వాత షాపుకు వెళ్లండి.

అసలు పెట్టె అవసరమా అన్నది కూడా ఆలోచించాలి. నేను రోజూ కాశీనగర్ వెళ్లి వస్తాను, రానూ పోనూ 50 కిలోమీటర్లకు అటూ ఇటూ. దానికి గోడ మీటరులో తిరిగేది ఎనిమిది యూనిట్లు. చిన్న ఛార్జరుతో మూడు గంటల లోపు పని. రాత్రి పెడితే పొద్దున్నకు ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. అన్నట్టు, కారు స్క్రీను మీద కనిపించే యూనిట్లకూ గోడ మీటరుకూ పది శాతం దాకా తేడా ఉంటుంది. మార్చేటప్పుడు వేడి రూపంలో పోయేది అది. మీటరు తప్పని ఎవరితోనూ గొడవ పడకండి.

మరి నేనెందుకు పెట్టె కొన్నానంటే, 2024 ఏప్రిల్‌లో ఒక రాత్రి జరిగిన సంగతి వల్ల. మర్నాడు విశాఖ వెళ్లాలని సాయంత్రమే ఛార్జింగ్ పెట్టాను. పదింటికి మా ఆవిడ వరండాలోకి వెళ్లి, "ఏదో కాలిన వాసన వస్తోందండీ" అంది. సాకెట్టు స్విచ్చు కట్టేసి ప్లగ్గు మీద చెయ్యి వేస్తే వేలు నిలవలేదు. లాగి చూస్తే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, మెత్తబడి లోపలికి కుంగింది. పదిహేనేళ్ల కిందట గీజరు కోసం పెట్టించిన సాకెట్టు అది. గీజరు పావుగంట నడుస్తుంది. కారు పది గంటలు ఆపకుండా అదే కరెంటు లాగుతుంది. లోపల పిన్నును పట్టుకునే లోహపు పత్తీ వదులైతే అక్కడే వేడి పుడుతుంది. పిల్లలు పడుకున్న గది ఆ గోడకు అవతలే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చిన్న ఛార్జరే చాలనుకునేవాళ్లు దయచేసి పాత సాకెట్టు వాడకండి. మీటరు బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించి, నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్టు పెట్టించుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికి అసలు పోవద్దు.

ఇక ఎర్తు. పెట్టె బిగించిన రోజే ఎర్ర లైటు వెలిగి కూర్చుంది, ఛార్జింగ్ మొదలవ్వలేదు. మల్టీమీటరు పెడితే న్యూట్రల్‌కూ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) ఎర్తుకూ మధ్య 11 ఓల్టులు. ఎండాకాలం పూర్తిగా పోలేదు, పాత ఎర్తు గుంత ఎండి బీటలు వారింది. వచ్చిన ఎలక్ట్రీషియన్, "న్యూట్రల్‌నీ ఎర్తునీ లోపల కలిపేస్తాను సార్, లైటు పోతుంది" అన్నాడు. లైటు పోతుంది, నిజమే. కానీ ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే కారు బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. వర్షంలో తడి కాళ్లతో తలుపు తీసే మనిషి గతేమిటి? ఎవరు చెప్పినా ఆ పనికి ఒప్పుకోవద్దు. నేను కొత్త గుంత తవ్వించి, జీఐ పైపు దింపించి, బొగ్గు, ఉప్పు వేయించాను. రెండు రోజుల తర్వాత చూస్తే 2 ఓల్టులకు దిగింది. అప్పటి నుంచి ఎర్ర లైటు లేదు. మార్చి నుంచి జూన్ దాకా వారానికి రెండు బిందెలు ఆ గుంతలో పోస్తాను.

ఓల్టేజి సంగతి ఇంకో తలనొప్పి. మా ఇల్లు వీధి చివర, ట్రాన్స్‌ఫార్మరుకు దూరం. రాత్రి ఏడు దాటితే అందరి మోటార్లూ, ఏసీలూ ఒక్కసారే తిరుగుతాయి. 32 ఆంప్స్‌తో ఛార్జింగ్ పెడితే మా బోర్డు దగ్గర 193 ఓల్టులు చూశాను, ట్యూబులైటు మినుకుమినుకుమంది. అదే 16 ఆంప్స్‌కు తగ్గిస్తే 209కి లేచింది. నేను కొన్న పెట్టెలో నాకు నిజంగా నచ్చింది ఇదే: ఆంప్స్ తగ్గించుకోవచ్చు. 6 నుంచి 32 దాకా మనిష్టం. షాపులో అడిగితే ఈ మాట ఎవరూ ముందుకు తెచ్చి చెప్పలేదు. ఇప్పుడు రాత్రి పదకొండున్నరకు మొదలయ్యేలా టైము పెట్టుకున్నాను, అప్పుడు 225 దాటి వస్తుంది. లోడు పెంచమని దరఖాస్తు పెట్టుకుంటే త్రీ ఫేజు తీసుకోమన్నారు. కారుకు ఒక ఫేజు వదిలేసి ఏసీ, మోటారు మిగతా రెండింటి మీదకు మార్పించాను. దాంతో టెన్షన్ చాలా తగ్గింది.

కరెంటు పోయి వస్తే ఛార్జింగ్ తనంతట తనే మళ్లీ మొదలవుతుందా అని తప్పకుండా అడగండి. వైశాఖంలో గాలివానలకు మన దగ్గర రాత్రి మూడుసార్లు పోతుంది. కొన్ని పెట్టెలకు ప్రతిసారీ వెళ్లి కార్డు చూపించాలి. నాది కరెంటు వచ్చాక కాసేపు ఆగి దానంతటదే అందుకుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను ఎలా చీకటి చేసిందో ఇక్కడివాళ్లెవరూ మరిచిపోలేదు. తుఫాను హెచ్చరిక వినగానే కారు వందకు నింపి, బోర్డులో ఎంసీబీ (లోడు మించితే తనే పడిపోయే స్విచ్చు) దించేస్తాను. పిడుగుల కోసం సర్జ్ ప్రొటెక్టరు కూడా పెట్టించాను.

పెట్టె వైరింగ్‌కు 6 స్క్వేర్ ఎంఎం రాగి, 40 ఆంప్స్ ఎంసీబీ, 30 మిల్లీఆంప్స్ టైప్ ఏ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు). మామూలు ఏసీ టైపుది చవకగా వస్తుంది కానీ డీసీ కలిసిన లీకేజీని అది సరిగా పట్టదు, తీసుకోకండి.

పెట్టెలో నచ్చనివీ ఉన్నాయి. ఇంటర్నెట్ లేకపోతే యాప్ తెరుచుకోదు, టైము మార్చాలంటే ఆగాల్సిందే. టైము పెట్టెలోనే నిలిచి ఉంటుంది కాబట్టి సరిపోయింది. అయిదు మీటర్ల కేబులు చాలదు, బండి ఎటు తిప్పి నిలిపినా అందాలంటే ఏడు మీటర్లదైనా కావాలి. చలికాలం తెల్లవారుజామున అది కర్రలా బిగుసుకుపోయి చుట్టడానికి మొండికేస్తుంది. వాన మాత్రం పెట్టెను ఏమీ చేయలేదు. అయినా ఎండ పడకుండా పైన చిన్న రేకు వేయించాను.

బావ ఇంకా పెట్టె కొనలేదు. నీలం సాకెట్టు, కొత్త ఎర్తు గుంత వరకే మాట్లాడుకున్నాడు. ఆయన తిరిగేది రోజుకు ముప్పై కిలోమీటర్లే, అది చాలనే నేనూ అన్నాను. వచ్చే ఆదివారం మల్టీమీటరు పట్టుకుని పాతపట్నం వెళ్తున్నాను, రాత్రి ఏడింటికి వాళ్ల బోర్డు దగ్గర ఓల్టేజి చూడాలి.