వి-క్రాస్ వెనక కారవాన్: రేణిగుంట రోడ్డులో చేయించిన హిచ్ పని ఎలా ఉందంటే

కారవాన్ లాగడానికి మా ఇసుజు వి-క్రాస్ పికప్‌కు హిచ్ (వెనక ట్రైలర్ తగిలించే అమరిక), ట్రైలర్ వైరింగ్ రెండూ రేణిగుంట రోడ్డులోని ఒక ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాప్‌లో చేయించాను. పని బాగుంది. తిరుపతి చుట్టుపక్కల ఎవరికైనా ఇలాంటి అవసరం ఉంటే ధైర్యంగా వెళ్లొచ్చు. ఎందుకు బాగుందో మాత్రం కాస్త వివరంగా రాయాలి. బాల్ (ట్రైలర్ ముక్కు కూర్చునే ఇనుప గుండు) బిగించి ఇస్తామనేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. కానీ "ట్రైలర్ బరువెంత, ముక్కు మీద ఎంత పడుతుంది?" అని అడిగింది ఈ మేస్త్రీ ఒక్కడే.

కారవాన్ కొన్నది నాన్న కోసం. ఆయన ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యారు, ఏళ్ల తరబడి తిరుమల ఘాట్‌లో బస్సు నడిపిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు, కానీ ఊళ్లు తిరగాలన్న కోరిక పోలేదు. దారిలో బాత్రూం దొరకదనే భయంతో నీళ్లు తాగడం మానేస్తుంటే చూడలేకపోయాను. బెంగళూరులో ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో చిన్న ట్రైలర్ దొరికింది. రెండు పడకలు, వంటగట్టు, వెస్టర్న్ టాయిలెట్. ఖాళీ బరువు 900 కిలోలని దాని ప్లేటు మీద ఉంది.

ఇంజన్ గురించి టెన్షన్ అక్కర్లేదు. 1.9 లీటర్ల డీజిల్, 163 పీఎస్, 360 న్యూటన్ మీటర్ల టార్క్. ఆ టార్క్ 2,000 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది కాబట్టి బరువుతో కదిలేటప్పుడు బండి మూలగదు. పైగా ఇది మన శ్రీసిటీ ప్లాంటులో తయారయ్యే బండి, ఆ మాట చెప్పుకోవడం నాకిష్టం. కానీ విదేశాల్లో డి-మ్యాక్స్ (మన వి-క్రాస్‌కు అక్కడి పేరు) 3.5 టన్నులు లాగుతుందని వీడియోల్లో చూసి ఇక్కడ లెక్క కట్టుకోకండి. అది సొంత బ్రేకులున్న ట్రైలర్‌కు ఇచ్చిన అంకె. బ్రేకుల్లేని ట్రైలర్‌కు ఆస్ట్రేలియా, యూరప్‌లలో హద్దు 750 కిలోలే. లాగడం కన్నా ఆపడం కష్టమని ఆ తేడాయే చెబుతోంది.

అందుకే మేస్త్రీ మొదట స్పానర్ పట్టుకోలేదు. "వేబ్రిడ్జికి పోయి రండి మేడం. ప్రయాణంలో ఎట్ల పోతారో అట్లనే సామాను పెట్టుకొని, నాన్నగారిని కూడా కూర్చోబెట్టుకొని పోండి," అన్నాడు. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్న చోటల్లా వేబ్రిడ్జిలుంటాయి. సీజన్‌లో తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరతాయి గానీ, మిగతా రోజుల్లో ఖాళీయే. ట్రైలర్ ఒక్కటే తూస్తే 1,140 కిలోలు వచ్చింది. గ్యాస్, పాత్రలు, పరుపులు, బ్యాటరీ, కొంచెం నీళ్లు, అంతే, ప్లేటు మీది అంకెకు 240 కిలోలు కలిశాయి.

తర్వాత పికప్‌ను ముందు చక్రాలు మాత్రమే వేబ్రిడ్జి మీద ఉంచి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఒకసారి తూయించాను. ట్రైలర్ తగిలించి మళ్లీ అలాగే. వెనక ఇరుసు మీద 170 కిలోలు పెరిగింది, ముందు ఇరుసు మీద 50 కిలోలు తగ్గింది. అంటే బాల్ మీద పడుతున్నది 120 కిలోలు, ట్రైలర్ బరువులో పదో వంతుకు కాస్త ఎక్కువ. అది ఉండాల్సిన బరువే. కానీ బాల్ వెనక ఇరుసు కన్నా 1.2 మీటర్లు అవతల ఉంది. చక్రాల మధ్య దూరం 3.1 మీటర్లు. ఆ 120 కిలోలు వెనక ఇరుసును ఆనుకొని ముందు భాగాన్ని ఎత్తేస్తున్నాయి. స్టీరింగ్, ముందు బ్రేకులు పట్టు తీసుకునేది ఆ ముందు చక్రాల మీదే కదా.

టేపు పెట్టి కొలిస్తే వెనక 45 మిల్లీమీటర్లు దిగింది, ముందు 12 లేచింది. నేను కమాన్ కట్టలకు ఇంకో రెండు పట్టీలు వేయించమని అడిగాను. వేస్తే అతనికి డబ్బులొస్తాయి. అయినా వద్దన్నాడు. "వెనక లేస్తుంది మేడం, చూడ్డానికి బాగుంటుంది. ముందు పోయిన బరువు మాత్రం తిరిగి రాదు. ట్రైలర్ లేని రోజు మీ నాన్నగారి నడుము విరుగుతుంది," అన్నాడు. బదులుగా తొట్టిలో తోక తలుపు దగ్గరున్న టూల్ పెట్టె, నీళ్ల క్యాన్లను క్యాబిన్ గోడకు ఆనించి కట్టించాడు. అవి వెనక ఇరుసుకు ముందుకొచ్చాయి కాబట్టి కొంత బరువు ముందు చక్రాలకూ పంచబడింది. అమెరికాలో పెద్ద ట్రావెల్ ట్రైలర్లకు స్ప్రింగ్ కడ్డీలున్న హిచ్ పెట్టి ముందుకు బరువు పంపుతారు. మా ట్రైలర్ ముక్కులోనే నెట్టుడు బ్రేకు (ట్రైలర్ ముందుకు నెట్టినప్పుడు దానంతటదే పడే బ్రేకు) ఉంది, దానితో ఆ కడ్డీలు కుదరవు. ఈ బరువుకు అవసరమూ లేదు.

ఒక మాట ముఖ్యం. బాల్ మీద పడే ఆ 120 కిలోలు పికప్ మోయగల బరువులోంచే పోతాయి. మాన్యువల్‌లో ఉన్న గ్రాస్ వెయిట్ (బండి, లోడు కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు)లోంచి వేబ్రిడ్జి మీద వచ్చిన బండి బరువు తీసేసి చూసుకోండి. మనుషులు, సామాను, తొట్టి మీద వేసిన క్యానపీ అన్నీ అందులోకే వస్తాయి.

ఇక హిచ్. ఇంకో చోట అడిగితే బంపర్ కింది మెట్టుకే ప్లేటు వెల్డ్ చేసి గంటలో ఇస్తామన్నారు, వెనక్కి వచ్చేశాను. ఇతను ఛాసిస్ రెండు పట్టీలకూ లోపలి వైపు నుంచి మందపాటి ప్లేట్లు ఆనించి, ఫ్యాక్టరీ రంధ్రాల్లోంచే బోల్టులు వేశాడు. ఛాసిస్ మీద వెల్డింగ్ నిప్పురవ్వ పడలేదు. బోల్టు తల మీద బలం గ్రేడు 10.9 అని ఉందో లేదో నాతోనే చదివించాడు. బాల్ 50 మిల్లీమీటర్లది. వి-క్రాస్ ఎత్తు, ట్రైలర్ ముక్కు తక్కువ, అందుకని బాల్‌ను కిందికి దించే ప్లేటు విడిగా చేశాడు. ఇప్పుడు ట్రైలర్ నేలకు సమంగా నిలబడుతుంది. రెండు గొలుసులు ముక్కు కింద గుణకారం గుర్తులా అడ్డంగా దాటి వెళ్తాయి. ముక్కు ఊడినా అది రోడ్డుకు గుచ్చుకోకుండా గొలుసుల మీద ఆగుతుంది.

వైరింగ్ చేసింది అక్కడి కుర్రాడు. ఫ్యాక్టరీ వైర్లు కోసి టేపు చుట్టకుండా, రిలే పెట్టె పెట్టి, ట్రైలర్ లైట్లకు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా విడిగా తెచ్చాడు. ఈ కాలపు బండ్లలో లైట్లను కంప్యూటర్ చూసుకుంటుంది. దాని మీద అదనపు లోడు పెడితే ఖర్చు ఎక్కడికో పోతుంది. ఏడు పిన్నుల సాకెట్‌లో రంగుల లెక్క తప్పలేదు: పసుపు ఎడమ ఇండికేటర్, ఆకుపచ్చ కుడి, ఎరుపు బ్రేకు, తెలుపు ఎర్త్. రేపు ఇంకో ఊళ్లో ఏదైనా పోతే అక్కడి ఎలక్ట్రీషియన్‌కు అర్థమవుతుంది.

నడిపేటప్పుడు అన్నిటికన్నా భయపెట్టేది ఊగుడు. మా ట్రైలర్ నీళ్ల ట్యాంకు చక్రాల వెనక ఉంది, వంద లీటర్లది. పూర్తిగా నింపితే ముక్కు మీద బరువు తగ్గిపోతుంది. నాన్న ఒక్క మాటలో చెప్పారు: "ఎద్దులబండిలో మూటలన్నీ వెనక్కి వేస్తే నొగ పైకి లేస్తుంది చూడు, అదే ఇది." ముక్కు తేలికైతే తోక జాడించడం మొదలవుతుంది. అందుకని ట్యాంకు పావు వంతే నింపి బయల్దేరతాం, చేరే ఊళ్లో పట్టుకుంటాం. స్పీడు 70 దాటించను. ఒకవేళ ఊగితే స్టీరింగ్ తిప్పి సరిచేయాలని చూడకూడదు, పికప్ బ్రేకు గట్టిగా తొక్కకూడదు. యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి.

అసలు పరీక్ష మొగిలి ఘాట్. చిత్తూరు నుంచి బంగారుపాళ్యం దాటి పలమనేరు వైపు ఎక్కేటప్పుడు గేరును మాన్యువల్‌లో మూడులో పెట్టాను. లారీల వెనక నెమ్మదిగా, వేడి ముల్లు కదలకుండా ఎక్కింది. దిగేటప్పుడు పక్క సీటులో నాన్న. "ఎక్కిన గేరులోనే దిగాలి పాపా, బ్రేకును నమ్ముకోవద్దు," అన్నారు. ఇక్కడ నెట్టుడు బ్రేకుతో ఒక చిక్కుంది. పికప్ వేగం తగ్గినప్పుడు ట్రైలర్ ముందుకు నెడుతుంది, ఆ నెట్టుడుకే దాని బ్రేకు పడుతుంది. పొడవాటి దిగుడులో అది పడుతూనే ఉంటుంది, డ్రమ్ములు కాలిపోతాయి. సగం దారిలో వీలైన చోట ఆపి ట్రైలర్ చక్రం మధ్య హబ్ దగ్గర చెయ్యి పెట్టి చూశాను, వెచ్చగా ఉంది తప్ప కాలలేదు. నాన్న కూడా చెయ్యి పెట్టి చూసి తలూపారు. ఆయన ఒప్పుకున్నారంటే నాకు చాలు.

వర్క్‌షాప్‌లో లోట్లు లేకపోలేదు. ట్రైలర్ బ్రేకు సర్దుబాటు వాళ్లకు రాదు. రాడ్డు, కేబుల్ బిగువు సరిచేయించడానికి ట్రాక్టర్ ట్రైలర్ల పని తెలిసిన ఇంకో మేస్త్రీని పట్టుకోవాల్సి వచ్చింది. అద్దాల పొడిగింపులు వాళ్ల దగ్గర లేవు. ట్రైలర్ మా బండికన్నా వెడల్పు, అద్దాలు పొడిగించకపోతే వెనక ఏమీ కనపడదు, అవి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. హిచ్ ఎంత బరువుకు చేశారో బిల్లు మీద రాయమంటే మొదట తటపటాయించాడు, అడిగాక రాసిచ్చాడు. మీరూ అడగండి. చెప్పిన రోజుకన్నా ఆలస్యమైంది, అది నాకు పెద్ద విషయం కాదు.

కాగితాల సంగతి కూడా. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి. పాతది కొంటే ఆర్‌సీ, ఇన్సూరెన్స్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. పికప్ ఇన్సూరెన్స్ వాళ్లకు హిచ్ సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి.

మొదటి ప్రయాణం తర్వాత బోల్టుల బిగువు చూసుకోవడానికి మళ్లీ రమ్మన్నాడు, వెళ్లాను. టార్క్ రెంచ్‌తో అన్నీ చూసి, ఒకటి కొంచెం బిగించి, ప్రతి బోల్టు మీదా తెల్ల పెయింటుతో గీత గీశాడు. బోల్టు కదిలితే గీత తప్పుతుంది. దానికి డబ్బులు తీసుకోలేదు. వెళ్లేవాళ్లు ముందే వేబ్రిడ్జి చీటీలు పట్టుకెళ్లండి, లేకపోతే తిప్పి పంపిస్తాడు. మే, జూన్‌లలో మామిడి తోలే పికప్‌ల పని ఎక్కువ, ఆ నెలలు తప్పిస్తే తీరిగ్గా చేస్తాడు.