ఏడేళ్లు వాడాక డీఎన్ఏ కిట్ గురించి నా అనుభవం

2018 వేసవిలో అమ్మని తీసుకుని న్యూజెర్సీలో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు అది ఉమ్మి పంపితే పూర్వీకుల వివరాలు చెప్పే డీఎన్ఏ కిట్లు రెండు తెప్పించింది. అసలు ధర 99 డాలర్లు, తగ్గింపులో 69కి వచ్చాయి. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే నా బాధలో ఎక్కువ భాగం ఈ వ్యాపారం మొత్తానికి సంబంధించింది.

అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, నీళ్ళు కూడా తాగకూడదు, గొట్టంలో గీత దాకా ఉమ్మి నింపాలి. నాకు ఐదు నిమిషాల్లో అయిపోయింది. అమ్మకి అప్పటికే 71 ఏళ్లు, నోరు ఎండిపోయే బాధ ఉంది, గీత దాకా రావడానికి ముప్పావు గంట పట్టింది. మధ్యలో "ఒరే, ఇదంతా ఎందుకురా" అని అడిగింది. "మన పూర్వీకులు ఎక్కణ్ణుంచి వచ్చారో తెలుస్తుందమ్మా" అన్నాను. అంతకు మించి చెప్పలేదు, చెప్పాల్సింది ఇంకా ఉందని అప్పటికి నాకే తెలియదు.

మేం చెన్నైలో మూడు తరాలుగా ఉంటున్న ఆర్యవైశ్యులం. తాతగారు నెల్లూరు వైపు నుంచి వచ్చి షావుకారుపేట దగ్గర మిరపకాయలు, పసుపు టోకు వ్యాపారం పెట్టారు. ఇంట్లో తెలుగు, కొట్లో తమిళం. తాతగారికి ముందు సంగతి మా తరంలో ఎవరికీ తెలియదు, అందుకే ఆశ పడ్డాను.

ఐదు వారాలకు రిపోర్టు వచ్చింది. దక్షిణాసియా 98 శాతం, మధ్య ఆసియా 2 శాతం. ఆ 98 నాకు ముందే తెలుసు. ఆ 2 గురించి మాత్రం నెల రోజులు ఆలోచించాను, బాబాయికి ఫోన్ చేసి మరీ చెప్పాను, ఆయన ఇంకో పదిమందికి చెప్పారు. 2020లో ఒకరోజు తెరిచి చూస్తే దక్షిణాసియా 100 శాతం అని ఉంది. నా డీఎన్ఏ మారలేదు, మళ్ళీ ఉమ్మి పంపలేదు. మన డీఎన్ఏలో కొన్ని లక్షల చోట్ల అక్షరాలు చదివి, తమ దగ్గర ఉన్న నమూనాల్లో ఎవరితో ఎంత పోలిక ఉందో చూసి శాతం కడతారు. ఆ నమూనాల జాబితా మారితే మన శాతమూ మారుతుంది. వాటిలో ఐరోపా వాళ్ళు ఎక్కువ, మనవాళ్ళు చాలా తక్కువ. అది అంచనా మాత్రమే అని రిపోర్టులో చిన్న అక్షరాల్లో ఉంది, రంగురంగుల పటం మాత్రం పేజీ నిండా ఉంది.

తర్వాత వచ్చింది బంధువుల జాబితా, అంటే అదే కంపెనీకి డీఎన్ఏ ఇచ్చినవాళ్ళలో మనకి ఎవరు ఏమవుతారో చూపేది. అసలు చిక్కు అక్కడే. టెక్సాస్‌లో ఉండే ఒకాయన నాకు సెకండ్ కజిన్ అని చూపించింది, అంటే మా ఇద్దరికీ ముత్తాత ముత్తవ్వలు ఒకరే కావాలి. ఆయన వాళ్ళది ప్రొద్దుటూరు. చాలా మంచి మనిషి. ఎనిమిది నెలల పాటు ఇంటిపేర్లు, గోత్రాలు, పెళ్లి శుభలేఖలు ఒకరికొకరం పంపుకున్నాం, అమ్మ చెబుతుంటే నేను రెండు నోటుబుక్కులు రాశాను. ఐదు తరాలు వెనక్కి వెళ్ళినా ఎక్కడా కలవలేదు. గోత్రాలు కూడా వేరు.

ఎందుకు కలవలేదో తెలుసుకోవడానికి నేనే కూర్చుని చదవాల్సి వచ్చింది. 2009లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ అనే శాస్త్రవేత్తలు కలిసి నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. 25 సముదాయాల నుంచి 132 మంది నమూనాలు చూశారు, అందులో మన వైశ్యులూ ఉన్నారు. రెండు మూడు వేల ఏళ్ల కిందట కొద్దిమందితో మొదలై, అప్పట్నుంచీ బయటి సంబంధాలు దాదాపు లేకుండానే వచ్చామని తేలింది. 2017లో ఇంకా పెద్ద పరిశోధన వచ్చింది, 263 సముదాయాలు చూస్తే 81 మన లాంటివే. అన్ని వందల ఏళ్లు లోపల్లోపలే పెళ్లిళ్లు జరిగితే ఏ ఇద్దరిని తీసుకున్నా చిన్న చిన్న డీఎన్ఏ ముక్కలు బోలెడు కలుస్తాయి. వాటిని కూడితే దగ్గరి బంధువు లెక్కలోకి వస్తాడు. దానికి తోడు మేనరికాలు. మా నాన్నకి అమ్మ సొంత మేనమామ కూతురు. అలాంటి దంపతుల పిల్లలకి సగటున పదహారో వంతు డీఎన్ఏ తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకేలా వస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతి నా రిపోర్టులో ఒక్క వాక్యంగా కూడా లేదు. మేనరికాలు అరుదైన దేశంలో తయారైన లెక్కని మనకీ అలాగే వాడారు.

ఇక ఇది చెప్పడానికే అసలు ఈ రివ్యూ మొదలుపెట్టాను. 2021లో బాబాయికి అర్ధరాత్రి అపెండిక్స్ పగిలి ఇక్కడే ఒక ఆసుపత్రిలో ఎమర్జెన్సీ ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ బాగానే అయింది కానీ ఆయన సొంతంగా ఊపిరి తీసుకోవడం లేదు. మత్తు డాక్టరు తమిళావిడ, బయటికొచ్చి మమ్మల్ని మొదట అడిగిన మాట "మీరు కోమట్టి చెట్టియార్లా?" అని. పిన్ని బిక్కచచ్చిపోయింది, ఈ టైములో కులం ఎందుకని నాకు కోపం కూడా వచ్చింది. ఆవిడ నిదానంగా చెప్పింది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారట, మామూలుగా పది నిమిషాల్లోపే దాని ప్రభావం పోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము మనవాళ్ళలో కొందరికి పుట్టుకతోనే ఉండదు, వాళ్ళకి గంటల తరబడి ఊపిరి రాదు, వెంటిలేటర్ మీద పెట్టి ఆ మందు దిగేదాకా చూడాలి. బాబాయికి తెల్లవారుజామున ఊపిరి వచ్చింది. ఆ ఐదు గంటలు మా ఇంట్లో ఎవరమూ మర్చిపోలేం.

మూడేళ్ల ముందే నా డీఎన్ఏ వాళ్ళకి ఇచ్చాను. ఆ మధ్య ఆసియా 2 శాతం చెప్పారు, ఇది మాత్రం చెప్పలేదు. తర్వాత నేనూ పరీక్ష చేయించుకున్నాను. ఆ ఎంజైము పేరు సూడోకోలినెస్టరేజ్, ఆ పేరుతో అడిగితే పెద్ద లాబుల్లో చేస్తారు, మామూలు రక్త పరీక్షే. నాకూ తక్కువే ఉంది.

ఇక భద్రత సంగతి. మేం కిట్లు తీసుకున్న ఆ 2018 ఏప్రిల్‌లోనే కాలిఫోర్నియాలో దశాబ్దాల నాటి హంతకుణ్ణి పట్టుకున్నారు, అతను తన డీఎన్ఏ ఎక్కడా ఇవ్వలేదు, దూరపు బంధువులు ఇచ్చిన డీఎన్ఏ ద్వారా దొరికాడు. హంతకుడు దొరకడం మంచిదే. నన్ను పట్టుకున్న ఆలోచన వేరు: ఒకరు ఇస్తే వంశం మొత్తం ఇచ్చినట్టే. 2023లో ఇలాంటి కిట్లే అమ్మే అమెరికా కంపెనీ ట్వంటీత్రీ అండ్ మీలో (నేను వాడింది అది కాదు) దొంగలు నేరుగా చొరబడింది 14 వేల ఖాతాల్లోకే, వేరే చోట్ల వాడిన పాస్‌వర్డ్‌లే ఇక్కడా పెట్టుకున్నవాళ్ళవి. కానీ బంధువుల జాబితా ద్వారా దాదాపు 69 లక్షల మంది వివరాలు పోయాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, చివరికి ఆ డేటాతో సహా వ్యాపారం 30.5 కోట్ల డాలర్లకు సహ స్థాపకురాలు పెట్టిన సంస్థకే వెళ్ళింది. క్రెడిట్ కార్డు నంబరు పోతే మార్చుకుంటాం. దీన్ని ఎలా మార్చుకుంటాం?

2023 వార్త అమ్మకి చదివి వినిపిస్తే ఒక్కటే అడిగింది. "నా ఉమ్మి ఇంకా అక్కడే ఉందా?" ఉంది. గొట్టం దాచడానికీ పరిశోధనకు వాడడానికీ ఒప్పుకుంటూ ఆమె తరఫున టిక్ పెట్టింది నేనే, ఆమెను అడగకుండా. అది తప్పు. అప్పుడే తీసేయమని రాశాను. ఖాతా చెల్లెలి ఈమెయిల్ మీద ఉందని మూడుసార్లు తిప్పారు, గుర్తింపు పత్రం అడిగారు, మొత్తం తొమ్మిది వారాలు పట్టింది. అప్పటికే పరిశోధనలోకి వెళ్ళిన భాగం వెనక్కి రాదన్నారు. నా ఖాతా ఉంచాను, బంధువులకు కనిపించే సౌకర్యం మాత్రం ఆపేశాను, ప్రొద్దుటూరు మిత్రుడితో ఇప్పుడు ఫోన్లోనే మాటలు.

ఐదుకి రెండు ఇస్తాను. ఆ రెండూ అమ్మ చేత రాయించిన నోటుబుక్కుల కోసం. కిట్ లేకపోతే నేనెప్పుడూ కూర్చుని అడిగేవాణ్ణి కాదు. దత్తత వెళ్ళినవాళ్ళు కన్నవాళ్ళ కోసం వెతుకుతుంటే వాళ్ళకి ఇది నిజంగా పనికొస్తుంది, వాళ్ళని వద్దనను. మనలాంటి వాళ్ళు శాతాల కోసం కొనేముందు ఇంట్లో అమ్మానాన్నలకి, అన్నదమ్ములకి విషయం మొత్తం చెప్పి, వాళ్ళు సరే అన్నాకే కొనండి.

బాబాయి పర్సులో ఇప్పుడు ఆధార్ కార్డు పక్కన లామినేషన్ చేయించిన చీటీ ఒకటి ఉంటుంది. ఆ మత్తు డాక్టరమ్మే తన చేత్తో రాసిచ్చింది, సక్సినైల్‌కోలిన్ ఇవ్వకూడదని. నా పర్సులోనూ అలాంటిదే ఉంది.