ఇంట్లో మళ్ళీ కట్టిన 650 చాపర్: ఆరేళ్ళు, 14,000 కిలోమీటర్ల తర్వాత

ముందు బండేంటో చెప్తా. చాపర్ అంటే ఫ్రేము కోసి, ఫోర్కు సాగదీసి మార్చిన మోటార్‌సైకిల్. 1969 ట్రయంఫ్ 650 ఇంజిన్, ఒక్క కార్బురేటర్ ఉండే రకం. ఎవరో ఎప్పుడో ఫ్రేమ్ వెనక సగం కోసేసి హార్డ్‌టెయిల్ (వెనక స్ప్రింగులు లేని ఫ్రేము) అతికించారు, మెడ (ముందు ఫోర్కు తిరిగే పైపు) కూడా కోసి వంచారు, మామూలు కన్నా 10 అంగుళాలు పొడుగు ఫోర్కు, 21 అంగుళాల ముందు చక్రం, పీనట్ అనే చిన్న పెట్రోలు ట్యాంకు, ముందు బ్రేకు అసలు లేదు. నా దగ్గరికి వచ్చేటప్పటికి ఇంజిన్ పట్టేసి ఉంది, సగం సామాను మూడు డబ్బాల్లో ఉంది. రెండేళ్ళు పట్టింది నిలబెట్టడానికి, ఆ తర్వాత ఆరేళ్ళుగా నడుపుతున్నా. కట్టిన కొత్తలో రాసుంటే ఇంజిన్ గురించే మొత్తం రాసేవాడిని. ఇప్పుడు అలా రాయలేను, ఎందుకంటే ఆ ఇంజిన్ మీద పద్నాలుగు నెలలు కూర్చున్నా, బ్రాకెట్ల మీద రెండు ఆదివారాలు కూర్చున్నా, ఆరేళ్ళలో దారిలో నన్ను నిలబెట్టింది ప్రతిసారీ బ్రాకెట్లూ వైర్లే.

సరే ఇంజిన్ నుంచే మొదలుపెడతా, ఎందుకంటే ఈ పని మొదలెట్టేవాళ్ళు అడిగేది దాని గురించే. 1963 నుంచి ఈ 650ల్లో ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉంటాయి, అందుకే సన్నటి చాపర్ ఫ్రేములో ఇమిడిపోతుంది. బోరు 71 మి.మీ, స్ట్రోకు 82, రెండు పిస్టన్లూ కలిసే పైకీ కిందకీ వెళ్తాయి, క్రాంకు తిరిగిన ప్రతి చుట్టుకీ ఒక దెబ్బ పడుతుంది. ఆ శబ్దం వింటే ఎవరైనా వెనక్కి తిరిగి చూస్తారు, కానీ రెండూ కలిసి కదలడం వల్లే ఆ అదురు కూడా. ఇది గుర్తు పెట్టుకోండి, కింద మళ్ళీ వస్తుంది.

ఇంజిన్ విప్పినవాళ్ళు బోరింగ్ చేయించి, పిస్టన్లు రింగులు మార్చి, వాల్వులు ల్యాపింగ్ చేసి మూసేస్తుంటారు. దయచేసి అలా మూసేయకండి. క్రాంకులో లోపల ఒక గొట్టం ఉంటుంది, స్లడ్జ్ ట్రాప్ అంటారు. ఆయిల్‌లో ఉన్న చెత్త, లోహపు పొడి అంతా తిరిగే వేగానికి బయటి గోడకి విసరబడి ఆ గొట్టంలో పేరుకుంటుంది. అది నిండితే కనెక్టింగ్ రాడ్ పెద్ద బేరింగులకి ఆయిల్ అందదు, అంతే, కొత్త పిస్టన్లు వేసి లాభం ఏముంది. దాన్ని తీయడం తేలికేం కాదు. చివర ఉన్న ప్లగ్గుకి పంచ్ దెబ్బ వేసి లాక్ చేసి ఉంటారు, ఆ గుర్తుని డ్రిల్లుతో తీసేసి, వేడి పెట్టి, ఇంపాక్ట్ డ్రైవర్‌తో కొట్టి తిప్పాలి, గొట్టాన్ని పట్టి ఉంచే ఫ్లైవీల్ బోల్టు కూడా ముందే తీసేయాలి, అది మర్చిపోయి గొట్టాన్ని లాగితే చిరిగిపోతుంది. నాకు మూడు సాయంత్రాలు పట్టింది. బయటకి వచ్చాక చూస్తే లోపల సీసం రంగులో గట్టి మైనం లాంటిది, స్క్రూడ్రైవర్‌తో గీకితే గానీ రాలేదు. మొత్తం రీబిల్డులో నేను చేసిన మంచి పని ఏదంటే అదే.

ఇంకొకటి టైమింగ్ కవర్‌లో ఉండే ఆయిల్ సీలు. క్రాంకులోకి ఆయిల్ వెళ్ళేది ఆ సీలు గుండానే, చూడ్డానికి ఇంతే ఉంటుంది కానీ అది మడత పడితే ప్రెషర్ మొత్తం పోతుంది. కవర్ ఎక్కించేటప్పుడు క్రాంకు చివరకి ఆయిల్ రాసి, తొందర పడకుండా, పెదవి తిరగబడలేదని టార్చి వేసి చూసుకోండి.

బోల్టుల మరల (థ్రెడ్ల) సంగతి కూడా చెప్పాలి. 1960ల చివర్లో ఈ బండ్లు విట్‌వర్త్ లాంటి పాత బ్రిటిష్ మరల నుంచి యూఎన్ఎఫ్ అనే అంగుళాల కొలత మరకి మారుతున్నాయి, పైగా నా బండిలో ముందు చేతులు మారినప్పుడు ఎవరికి దొరికింది వాళ్ళు బిగించారు, అందువల్ల ఒకే కవర్‌కి రెండు రకాల బోల్టులు. విట్‌వర్త్ మర 55 డిగ్రీలు, యూఎన్ఎఫ్ 60, మొదట రెండు చుట్లు బాగానే ఎక్కుతుంది, ఆ తర్వాత అల్యూమినియంలో పళ్ళు తినేస్తుంది. మర కొలిచే గేజ్ ఒకటి పెట్టుకుని ప్రతి బోల్టుకీ చీటీ కట్టా. మెట్రిక్ పానాలు దూరంగా పెట్టేయండి, నట్టు మూలలు గుండ్రమైపోతాయి.

సెట్టింగులు ఆరేళ్ళుగా ఇవే ఉంచా: ఇన్‌లెట్ వాల్వు సందు 2 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ఎగ్జాస్ట్ 4 థౌ, చల్లగా ఉన్నప్పుడు. ఇగ్నిషన్ పూర్తి అడ్వాన్సులో, అంటే పిస్టన్ పైకి చేరేముందు, 38 డిగ్రీలు. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేశా, దాని మీద నా అభిప్రాయం మంచిదే, కాకపోతే బ్యాటరీ నిండుగా ఉండాలి, వోల్టేజీ పడిపోయిన రోజు కిక్ వెనక్కి కొట్టింది, మోకాలు వారం రోజులు నొప్పి పుట్టింది. అప్పట్నుంచి చిన్న వోల్ట్‌మీటర్ ఒకటి సీటు కింద పెట్టుకున్నా.

ఇక ఫ్రేము. నా దృష్టిలో చాపర్ అంటే ఫ్రేమే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో కుర్రాళ్ళు బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు కోసేయడంతో మొదలై, 1960ల్లో ఫోర్కులు సాగదీసేదాకా వచ్చింది ఈ కోత. కోసినవాడి చేయి ఎంత మంచిదో మనకి తెలియదు, అదే అసలు భయం. పెయింటు మొత్తం గీకి, పగుళ్ళు పట్టే రెడ్ డై కొట్టి, తుడిచి, తెల్ల డెవలపర్ చల్లితే హార్డ్‌టెయిల్ అతుకు దగ్గర కింది పైపు చుట్టూ సన్నటి ఎర్ర గీత తేలింది. దాని పైన పుట్టీ, దాని పైన మెరిసే పెయింటు. లోపల స్లగ్గు (అతుకుకి బలంగా పైపు లోపల దూర్చే ఇనప ముక్క) లేదు, పైపు అంచుకి అంచు పెట్టి ఆర్క్ వెల్డింగ్ కొట్టి వదిలేశారు. దాని మీద మనుషులు కూర్చుని తిరిగారు అని తలుచుకుంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ పని నేను చేయలేదు. నాకు ఆర్క్ వచ్చు, గేటుకి చాలుతుంది, మెడకీ వెనక పైపులకీ చాలదు. ఇనప సీ-ఛానల్ నేలకి బిగించి జిగ్ (ఫ్రేము కదలకుండా పట్టే చట్రం) తయారు చేశా, ఫ్రేముని దానికి బిగించి దారం లాగి రెండు చక్రాల లైను కుదిరేదాకా ఓపికగా సర్దా, పాత వెల్డు మొత్తం రుబ్బేసి, లోపల బిగుతుగా పట్టే స్లగ్గులు లేత్ మీద చేయించా. ఆ లేత్ పెద్దాయన డ్రాయింగ్ చూసి, "బాబూ, ఇది ఎంత దూరం లోపలికి వెళ్తుందో ముందు పైపు మీద గీత గీసుకో, తర్వాత కనపడదు" అన్నాడు, చిన్న మాటే కానీ నన్ను కాపాడింది. ఆ తర్వాత చెయ్యి తిరిగిన టిగ్ వెల్డర్‌ని పిలిచి, అంచుతో పాటు పైపుకి చిల్లులు వేసి వాటిలోంచి కూడా స్లగ్గుకి పట్టించాం. ఆరేళ్ళలో రెండుసార్లు మళ్ళీ డై కొట్టి చూశా, గీత లేదు.

ముందు కోణం గురించి కాస్త ఎక్కువ రాస్తా, కొత్తవాళ్ళు దీన్ని అందం కోసం చేసే పనిలా చూస్తారు కాబట్టి. మెడ కోణం కొలిస్తే 42 డిగ్రీలు. ట్రెయిల్ అంటే మెడ గీతని నేల దాకా పొడిగిస్తే అది తాకే చోటుకీ, టైరు నేలని తాకే చోటుకీ మధ్య దూరం. లెక్క ఇలా: చక్రం సగం ఎత్తుని కోణం సైన్‌తో గుణించి, ఆఫ్‌సెట్ (మెడ గీతకి యాక్సిల్ ఎంత ముందుందో ఆ దూరం) తీసేసి, కోణం కొసైన్‌తో భాగించాలి. నాకు సగం ఎత్తు 343 మి.మీ, ఆఫ్‌సెట్ 64, లెక్క వేస్తే దాదాపు 223 మి.మీ వచ్చింది. మామూలు బండికి ఇందులో సగం ఉంటుంది. అంత ట్రెయిల్ ఉంటే నేరు రోడ్డు మీద రైల్లా పోతుంది, కానీ నెమ్మదిగా మలుపు తిప్పితే చక్రం ఒక్కసారిగా పక్కకి పడిపోతుంది, మొదటి నెల రెండుసార్లు ఇంటి గేటు దగ్గరే పడేశా. 5 డిగ్రీల రేక్‌డ్ ట్రీలు (ఫోర్కుని మెడకి పట్టి ఉంచే, కోణం ఇచ్చిన క్లాంపులు) వేసి ఫోర్కుని మెడ కన్నా ముందుకి వంచితే, యాక్సిల్ దగ్గర ఇంకో 78 మి.మీ ఆఫ్‌సెట్ కలిసి ట్రెయిల్ 118 చుట్టుపక్కలకి వచ్చింది. అదే బండి, అదే పొడుగు, చేతుల్లో మాత్రం పూర్తిగా వేరే బండి. ఆ ట్రీలు చూసి మామూలు మెడ ఉన్న పొట్టి ఫోర్కు బండికి వేయాలని మీకు అనిపిస్తే వద్దు, అక్కడ ట్రెయిల్ మరీ తగ్గి స్పీడులో హ్యాండిల్ కొట్టుకుంటుంది, అది ప్రాణం మీదకి వచ్చే విషయం. కొలిచాకే కొనండి.

ముందు బ్రేకు కూడా వేశా, డిస్కు. లేకపోతేనే అసలైన లుక్ అనేవాళ్ళతో నేను ఒప్పుకోను, అది లేని బండిని నేను మళ్ళీ నడపను. 1969 నాటి బండి కాబట్టి గేరు కుడి కాలికి, వెనక బ్రేకు ఎడమ కాలికి, రోజూ వేరే బండి నడిపేవాళ్ళకి కంగారులో తప్పు కాలు పడుతుంది, ఆ క్షణంలో చేతి బ్రేకే దిక్కు.

ఇప్పుడు అదురు దగ్గరికి వద్దాం. 2,000 కిలోమీటర్లకి సిస్సీ బార్ (సీటు వెనక నిలువు కడ్డీ) బ్రాకెట్ తెగింది. 3,500కి వెనక మడ్‌గార్డు పగిలింది. ఆ తర్వాత ఆయిల్ ట్యాంకు పట్టీ, ఆ తర్వాత నంబరు ప్లేటు, హెడ్‌లైట్ బల్బులు అయితే లెక్క పెట్టడం మానేశా. అన్నీ ఒకే తప్పు, అది నాదే: పల్చటి రేకు ముక్కకి లంబకోణంలో వెల్డు కొట్టి, గస్సెట్ (మూలకి బలమిచ్చే త్రికోణం ముక్క) లేకుండా, రబ్బరు లేకుండా ఇనుముకి ఇనుము బిగించా. వెనక స్ప్రింగు లేని బండిలో రోడ్డు దెబ్బ, ఇంజిన్ అదురు రెండూ ఆ మూల మీదే పడతాయి. రెండో విడతలో ప్రతి బ్రాకెట్‌నీ మందం పెంచి, మూలలో త్రికోణం ముక్క పెట్టి, రబ్బరు బుష్షుల మీద కూర్చోబెట్టా. మడ్‌గార్డు పగులు చివర చిన్న చిల్లు వేసి ఆపి, వెనక నుంచి పట్టీ వేశా. అది చేసి నాలుగేళ్ళయింది, ఒక్కటీ తెగలేదు. వైరింగ్ కూడా అంతే, వైరు ఫ్రేముకి రాసుకునే ప్రతిచోటా స్లీవ్ వేయండి, పాజిటివ్ ఎర్త్ బండి (బ్యాటరీ ప్లస్ ఫ్రేముకి వెళ్ళే రకం) అని బ్యాటరీ పక్కన పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, ఎర్ర వైరు ఫ్రేముకి వెళ్ళడం చూసి సాయం చేద్దామని తిప్పి బిగించేవాళ్ళు ఉంటారు.

ఆయిల్ కారుతుందా అని అందరూ అడుగుతారు. మొదటి రెండేళ్ళు కారింది. పుష్‌రాడ్ గొట్టాల సీళ్ళు నేను కొలవకుండా వేశా, అందుకే. రెండోసారి పైన విప్పినప్పుడు హెడ్డు ఊరికే పెట్టి ఫీలర్ గేజ్‌తో సందు కొలిచి, సుమారు 1 మి.మీ నొక్కుడు వచ్చేలా సీళ్ళ మందం ఎంచుకున్నా, ఇప్పుడు పొడిగా ఉంది. రెండు వారాలు కదపకుండా పెడితే మాత్రం ట్యాంకులోని ఆయిల్ మెల్లగా క్రాంకు కేసులోకి దిగిపోతుంది, అలాంటప్పుడు కిక్ కొట్టే ముందు కింద ప్లగ్గు విప్పి ఆయిల్ తీసి ట్యాంకులో పోస్తా. క్లచ్చు ప్లేట్లు కూడా అతుక్కుంటాయి, లీవరు పట్టుకుని రెండు ఉత్తుత్తి కిక్కులు కొడితే వదులుతాయి.

నడపడానికి ఎలా ఉంటుందంటే, గంటకి 70 - 80 కిలోమీటర్ల దగ్గర స్వర్గం. 95 దాటితే కాలి కింద పెగ్గులు జుమ్మంటాయి, అద్దంలో ఏమీ కనపడదు, నేను అంత పోను. ట్యాంకు 8 లీటర్లు, 140 కిలోమీటర్లకి రిజర్వు, ఆ లోపే నడుము కూడా దిగమంటుంది కాబట్టి రెండూ సరిపోయాయి. వెనక 16 అంగుళాల లావు టైరే మనకి సస్పెన్షను, గాలి 28 పీఎస్ఐ దాటనివ్వను. హార్డ్‌టెయిల్‌లో నాకు బాగా నచ్చిన విషయం చైను: చక్రం పైకీ కిందకీ ఊగదు, స్ప్రాకెట్ల మధ్య దూరం మారదు, ఒకసారి సర్దితే చాలాకాలం అలాగే ఉంటుంది.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు కార్బురేటర్ టిక్లర్ (పెట్రోలు పొంగించే చిన్న బటన్) నొక్కి పెట్రోలు వేలికి తగలగానే ఒక్క కిక్కు, రెండో కిక్కుకి అందుకుంటుంది. ఆ మొదటి నాలుగు దెబ్బల కోసం నేను ఇంకో పద్నాలుగు నెలలు స్టూలు మీద కూర్చోడానికైనా సిద్ధమే.

మళ్ళీ మొదలుపెడితే వరస మారుస్తా: ముందు ఫ్రేముకి డై, తర్వాత కోణం లెక్క, తర్వాత బ్రాకెట్లన్నీ పెయింటు లేకుండా బిగించి 500 కిలోమీటర్లు నడిపి, తెగినవి తెగాక, అప్పుడు పెయింటు. నేను పెయింటు ముందు వేయించా, రెండుసార్లు గీకించా. ప్రస్తుతం బండి స్టాండు మీదుంది, ప్రైమరీ కవర్ విప్పి క్లచ్చు రబ్బర్లు మారుస్తున్నా, 14,000కి అవి గట్టిపడి పొడి రాలుతున్నాయి, కొత్తవి వేసి మళ్ళీ నడిపాక అవెంత కాలం వస్తున్నాయో కింద కలుపుతా.