గ్రాంట్ల లెక్కలకు టాలీ: కాస్ట్ కేటగిరీలు లేకపోతే ఎప్పుడో మానేసేదాన్ని

టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోని బిల్లింగ్, స్టాకు, జీఎస్టీ గురించి నేనేమీ చెప్పను, వాటితో మాకు పనే లేదు. మాది అనంతపురం జిల్లాలో చిన్న స్వచ్ఛంద సంస్థ, లెక్కలు ఏళ్ల తరబడి నేనే చూస్తున్నాను. టాలీలో నేను వదులుకోలేనిది ఒక్కటే, కాస్ట్ కేటగిరీలు, అంటే ఒకే ఖర్చుని వేర్వేరు కోణాల్లో పంచి చూపే సదుపాయం. చాలామంది దాన్ని ఆన్ చేయనే చేయరు. డీజిల్‌కి డోనర్‌కో లెడ్జర్ (ఖాతా), భోజనాలకి డోనర్‌కో లెడ్జర్ తెరిచి చాంతాడంత లిస్టు పెట్టుకుంటారు.

మాకు డీజిల్‌కి ఒకటే లెడ్జర్. కేటగిరీలు మాత్రం రెండు: ఏ గ్రాంటు అన్నది ఒకటి, కార్యక్రమమా పరిపాలనా అన్నది ఇంకోటి. ఒకే బిల్లు మొత్తాన్ని రెండింట్లోనూ విడివిడిగా పంచుతాను, దీని జోలికి అది రాదు. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) సవరించి పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించాక ఆ రెండో కేటగిరీ విలువ తెలిసొచ్చింది. డిసెంబరు 31లోపు ఎఫ్‌సీ-4 (ఆ చట్టం కింద వేసే వార్షిక రిటర్ను) వేసేటప్పుడు ఆ శాతం ఎంతకి తేలుతుందోనని ఉండే టెన్షన్ ఇప్పుడు లేదు, ఏ నెలకానెల చూసుకుని దాటేలా ఉంటే ముందే సార్‌కి చెప్పేస్తాను.

అసలు దీని మీద గురి కుదిరింది మాత్రం ఒక విదేశీ డోనర్ వల్ల. వాళ్ల సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు, మనది ఏప్రిల్ నుంచి మార్చి. టాలీలో ఆల్ట్ ఎఫ్2 నొక్కి తేదీలు మారిస్తే రెండు ఆర్థిక సంవత్సరాల మీదుగా కూడా రిపోర్టు వచ్చేస్తుంది. అయితే ఆ ఏడు కంప్యూటర్ సర్వీసుకి వచ్చిన కుర్రాడు సిస్టమ్ స్లో అయిందని, ఎవర్నీ అడక్కుండా, మార్చి 31 దగ్గర డేటాని రెండు ముక్కలు చేసి వెళ్లాడు. ఏప్రిల్ నుంచి ఎంట్రీలన్నీ కొత్త కంపెనీలో (టాలీలో ఒక్కో పుస్తకాల సెట్టునీ కంపెనీ అంటారు) పడుతూ పోయాయి. రిపోర్టు వేళకి చూస్తే జనవరి–మార్చి ఒకచోట, మిగతాది ఇంకోచోట. రెండూ ఎక్సెల్‌లో కలిపి పంపాం. డోనర్ తరఫున వచ్చిన ఆడిటర్ గారు శిక్షణ భోజనాల అంకె మీద వేలు పెట్టి, ఇది ఏయే వోచర్లదో (ఏయే ఎంట్రీలదో) చూపించమన్నారు. ఎక్సెల్‌లో అంకె ఉంది, దాని వెనక ఏమీ లేదు.

అదృష్టం ఏమిటంటే, విడగొట్టినా అసలు కంపెనీ చెరిగిపోలేదు, లిస్టులో అలాగే పడి ఉంది. కొత్తదాంట్లోంచి ముందు మాస్టర్లు (లెడ్జర్లు, కేటగిరీల జాబితాలు), తర్వాత డేబుక్‌లోని రోజువారీ వోచర్లు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లుగా తీసి పాతదాంట్లోకి ఇంపోర్ట్ చేశాం. భయంభయంగా బ్యాంకు నిల్వ, క్యాష్ నిల్వ పోల్చి చూస్తే పైసాతో సహా కలిశాయి! ఇక ఆ గ్రాంటు మీద ఎంటర్, శిక్షణ ఖర్చుల మీద ఎంటర్, నెల మీద ఎంటర్, వోచరు తెర మీదుంది. ఆయన నంబరు చూసి ఫైల్లోంచి బిల్లు తీసి టిక్కు పెట్టుకున్నారు.

ఒకటే లెడ్జర్ చాలని పైన అన్నాను గానీ, అది పూర్తిగా నిజం కాదు. డోనర్ బడ్జెట్‌లో "కమ్యూనిటీ మొబిలైజేషన్" అని ఒకే హెడ్డు ఉంటుంది, మన పుస్తకాల్లో అది డీజిలూ, టీ ఖర్చూ, బ్యానరూ. పెద్ద గ్రాంటు కింద హెడ్లను కూడా కాస్ట్ సెంటర్లుగా (కేటగిరీ లోపలి విభాగాలుగా) పెట్టి చూశాం, మళ్లీ చాంతాడే, అందుకని చిన్నవాటికి ఎక్సెలే గతి. విదేశీ నిధుల పుస్తకాలు చట్టప్రకారం వేరుగా ఉండాలి కాబట్టి మాకు రెండు కంపెనీలు. జీపు ఒకే రోజు సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత నిధుల) ఊరికీ, ఎఫ్‌సీ (విదేశీ నిధుల) ఊరికీ వెళ్తే ఆ పంపకం లాగ్‌బుక్ చూసి చేత్తో చేసుకోవాల్సిందే. జీతాలకి శాతాలు ముందే పెట్టుకోవచ్చు, హాయిగా ఉంటుంది, కాకపోతే గ్రాంటు ముగిసిన నెలలో వాటిని మార్చడం మనకే గుర్తుండాలి. లేదంటే అయిపోయిన గ్రాంటు మీద కో-ఆర్డినేటర్ జీతం పడుతూనే ఉంటుంది, టాలీ ఏమీ అడగదు. ఫీల్డ్‌వాళ్లకి ఇవేవీ కనపడవు, "అక్కా, ట్రైనింగ్‌లో ఎంత మిగిలింది" అని ఇప్పటికీ ఫోన్లే.

నాలుగైదు గ్రాంట్లు, ఒకే ఆఫీసు, రోజూ సీట్లో కూర్చునే మనిషి ఉన్నచోట నాకైతే ఇది సరిపోయింది. నేను సెలవులో ఉన్నప్పుడు పార్ట్‌టైమ్ అబ్బాయి వేసిన ఎంట్రీలు సగం టాలీలో ముందే ఉండే ప్రైమరీ కేటగిరీలోనే పడి ఉంటాయి, వచ్చాక కూర్చుని సరిచేస్తాను. మనుషులు తరచూ మారే ఆఫీసుకి దీన్ని గట్టిగా సిఫారసు చేయలేను.