క్యూడీ-ఓఎల్ఈడీ మానిటర్: సినిమాకి సూపర్, అక్షరాలకి మాత్రం తలనొప్పి

నలుపు అంటే నిజంగా నలుపే, రంగులు అదిరిపోతాయి, గేమ్స్ సంగతి చెప్పక్కర్లేదు. ఇవన్నీ అందరూ రాసేశారు కాబట్టి వదిలేస్తున్నా. రోజంతా కోడ్, మెయిల్స్, తెలుగు పేజీలు చదివేవాళ్ల కోసమే ఈ రివ్యూ. నా దగ్గరున్నది 34 అంగుళాలు, 3440×1440, మొదటి తరం క్యూడీ-ఓఎల్ఈడీ ప్యానెల్ (పిక్సెళ్లు వాటంతటవే వెలిగే ఓఎల్ఈడీ తెరకి, రంగుల కోసం క్వాంటమ్ డాట్స్ అనే పొర కలిపింది). కంపెనీ ఏదైతేనేం, ఆ ప్యానెల్ ఎవరు బిగించినా వ్యవహారం ఇంతే.

తెల్ల పేజీ మీద నల్ల అక్షరాన్ని కాస్త దగ్గరికెళ్లి చూడండి. పై అంచున లేత గులాబీ, కింది అంచున ఆకుపచ్చ కనిపిస్తాయి. మామూలు ఎల్‌సీడీలో ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలు (వీటినే సబ్‌పిక్సెళ్లు అంటారు) పక్కపక్కనే నిలువు పట్టీల్లా ఉంటాయి. మైక్రోసాఫ్ట్ 1998లో ప్రకటించిన క్లియర్‌టైప్ (విండోస్‌లో అక్షరాల్ని నునుపుగా చూపించే పద్ధతి) బతికేదే ఈ వరస మీద. ఆ మూడు ముక్కల్నీ విడివిడిగా వెలిగించి, అడ్డంగా పిక్సెళ్లు ఎక్కువున్నాయని కంటిని నమ్మిస్తుంది. ఈ ప్యానెల్‌లో అవి త్రికోణంలా కూర్చుంటాయి, ఆకుపచ్చ పైన, మిగతా రెండూ కింద. అక్షరాల పైనా కిందా రంగు కారేది అందుకే. పాపం క్లియర్‌టైప్‌కి ఆ సంగతి తెలీదు, అలవాటు ప్రకారం పట్టీలే ఉన్నాయనుకుని రంగులు పూసేస్తుంది, దాంతో పక్క అంచులు కూడా పాడవుతాయి.

తెలుగుకి దెబ్బ ఇంకాస్త గట్టిగా తగులుతుంది. హింటింగ్ అంటే అక్షరం గీతల్ని పిక్సెల్ గడులకి సర్దే పని, అది బాగా కలిసొచ్చేది ఇంగ్లీషు ఎల్ లాంటి నిటారు గీతలకి. మనవన్నీ వంపులు, పైన తలకట్టు, కింద వత్తు. సరిగ్గా రంగు కారే చోట్లే మన అక్షరాల గుర్తులన్నీ ఉంటాయి! చిన్న సైజులో 'థ'కీ 'ధ'కీ తేడా మధ్యలో ఉన్న ఆ ఒక్క చుక్కే, అది మసకబారితే పదాన్ని ఊహించుకుని చదవాలి.

విండోస్‌లో క్లియర్‌టైప్ ట్యూనర్ తెరిచి, మొదటి పేజీలోనే టిక్ తీసేస్తే అక్షరాల అంచులకి రంగులు పోయి బూడిద షేడ్స్ వస్తాయి. పక్కలు బాగుపడతాయి. పైనా కిందా ఉన్న రంగు మాత్రం ప్యానెల్ గుణం, ఏ సెట్టింగూ దాన్ని పూర్తిగా తీసెయ్యలేదు. లినక్స్‌లో సబ్‌పిక్సెల్ పద్ధతి (క్లియర్‌టైప్ లాంటిదే) ఆపేసి, హింటింగ్ 'స్లైట్'లో పెడితే (అది అక్షరాన్ని నిలువు దిశలోనే సర్దుతుంది, అడ్డంగా ముట్టుకోదు) నా కళ్లకి అన్నిటికంటే నచ్చింది. ఆ సెట్టింగ్స్‌లో ఆర్‌జీబీ, బీజీఆర్ (ఎరుపు-ఆకుపచ్చ-నీలం వరస, దాని తిరగేసిన వరస), వాటి నిలువు రకాలు కనిపిస్తాయి గానీ త్రికోణం ఊసే లేదు. ఆపిల్ అయితే 2018లో మ్యాక్ఓఎస్ మొహావీ వెర్షన్‌తో సబ్‌పిక్సెల్ గొడవే వదిలేసింది, భారమంతా పిక్సెళ్ల సాంద్రత మీద వేసింది.

అసలు చూసుకోవాల్సింది కూడా అదే. నా మానిటర్‌లో అంగుళానికి దాదాపు 110 పిక్సెళ్లు. అదే 27 అంగుళాల 4కే అయితే 163 దాకా వస్తాయి, రంగు అంచు అక్కడా ఉంటుంది కానీ ముక్కు ఆనించి చూస్తే తప్ప పట్టించుకోం. గేమ్స్‌కీ సినిమాలకే అయితే నా మోడల్‌కి నాలుగున్నర స్టార్లు ఇస్తా, చదవడానికైతే రెండు. నేనైతే దీన్ని గేమ్స్‌కి ఉంచుకుని, కోడ్‌కి పాత ఎల్‌సీడీనే మళ్లీ బల్ల మీద పెట్టుకున్నా.