అయిదేళ్ళ అతిమధురం

జలుబుకూ కఫానికీ వాడే ఇంటి మందుల్లో శొంఠి, పిప్పళ్ళ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి వాటి జోలికి పోను. నా గొడవంతా అతిమధురం అనే తియ్యటి వేరుతోనే.

జలుబు చేస్తే ముక్కు మూడు రోజుల్లో తేరుకుంటుంది కానీ, గొంతులో పేరుకున్న కఫం నన్ను వారాల తరబడి వదలదు. చూస్తే రోజంతా పాఠాలు చెప్పే ఉద్యోగం. అయిదేళ్ళ కింద ఓ సాయంత్రం అతిమధురం పుల్ల నమిలాను. గరగర తగ్గింది, కఫం పలచబడి తేలిగ్గా వచ్చేసింది, ఆ రాత్రి దగ్గు లేకుండా నిద్రపోయాను. ఇంకేం, కనిపించిన వాళ్ళందరికీ చెప్పాను.

చిక్కంతా దాని తీపితోనే. చేదు మందైతే జలుబు తగ్గగానే మనమే మానేస్తాం. దీన్ని మానాలని తోచనే లేదు. జేబులో పుల్ల, రాత్రికి చెంచాడు పొడి వేసి మరిగించిన నీళ్ళు, నిరుడు చలికాలమంతా రోజూ ఇదే.

సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి. మెట్లెక్కితే తొడలు పీకేవి. వయసు అనుకున్నాను. బీపీ చూస్తే 160/100. పొటాషియం 3.5 పైన ఉండాల్సింది 3.0 ఉంది. ఏం మందులు వాడుతున్నారని డాక్టరమ్మ అడిగితే ‘ఏమీ లేవండీ’ అన్నాను. అబద్ధం కాదు, దాన్ని నేను మందనుకుంటేగా! రెండోసారి వెళ్ళినప్పుడు మాటల మధ్యలో అలవాటుగా జేబులోంచి పుల్ల తీశాను. ఆవిడ రాయడం ఆపేశారు.

ఆ తీపినిచ్చే గ్లైసిరైజినే దోషి. కిడ్నీల్లో కార్టిసాల్ అనే హార్మోనును అదుపులో పెట్టే ఎంజైమును అది అడ్డుకుంటుంది. దాంతో ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోతాయి, పొటాషియం మూత్రంలో పోతుంది. గ్లైసిరైజిన్ రోజుకు 100 మిల్లీగ్రాములు మించొద్దని యూరప్ ఆహార నిపుణులు ఎప్పుడో చెప్పారు. నా చెంచాడు పొడిలోనే అంతకు మించి ఉండి ఉంటుంది.

మానేసిన మూడు వారాలకు వాపు పోయింది, నెలన్నరకు బీపీ 135కి దిగింది. అక్కడే ఆగింది. మా అమ్మకీ బీపీ ఉంది కాబట్టి నేరమంతా పుల్ల మీద వేయలేను. అసలు ఆ మొదటి రాత్రి కఫం కరిగింది కూడా దానివల్లేనా, వెంట వెంటనే తాగిన వేడినీళ్ళ వల్లనా అని ఇప్పుడు అనుమానం.

బీపీ, కిడ్నీ, గుండె ఇబ్బందులు లేనివాళ్ళు నాలుగు రోజులు వాడితే పరవాలేదేమో, నేను మాత్రం ముట్టను. ఇప్పుడు జలుబు చేస్తే అడ్డసరం ఆకుల చేదు కషాయమే. మొహం చిట్లించుకునే తాగుతాను, తగ్గిన మర్నాడే మానేస్తాను.