వంటగట్టుకు ఏ బండ మేలు? రాయి పేరు కాదు, లోపలి ఖనిజం చూడండి

చిత్తూరులో మా వదినావాళ్లు ఇల్లు కడుతున్నారు. వంటగట్టుకు బండ చూద్దామని నన్నూ వెంటబెట్టుకుని వెళ్లింది వదిన. కొట్టతను రెండు పలకలు చూపించి, "ఇది గ్రానైట్, అది క్వార్ట్జ్. ఏది కావాలమ్మా?" అన్నాడు. గ్రానైట్ రాయి, క్వార్ట్జ్ ఖనిజం. ఈ తేడా తెలియకపోతే బేరం కుదిరినా బండ కుదరదు.

ఖనిజమంటే ప్రకృతిలో తనంతట తాను ఏర్పడిన ఒకే పదార్థం. దాని రసాయన కూర్పు, లోపల పరమాణువుల వరుస ఎక్కడైనా ఒకటే. క్వార్ట్జ్ అంటే మన పలుగురాయే. పొలంలో దొరికినా, వాగులో దొరికినా అది సిలికాన్, ఆక్సిజన్ కలిసిందే. రాయి అలా కాదు. ఖనిజాలు గుంపుగా ఇమిడితే రాయి. గ్రానైట్ ముక్కను ఎండలో తిప్పి చూడండి: గాజులా కనిపించేది పలుగు, తెల్లగానో గులాబీరంగుగానో ఉండేది ఫెల్డ్‌స్పార్, తళుక్కుమనేది కాకిబంగారం (మైకా).

ఒకే ఖనిజంతో నిండిన రాళ్లూ ఉన్నాయి. తిరుమల ఘాట్ రోడ్డులో కింద గ్రానైట్, దానిమీద క్వార్ట్‌జైట్ కనిపిస్తాయి. ఆ రెంటి నడుమ పదుల కోట్ల ఏళ్ల ఎడం ఉంది. పైనున్న క్వార్ట్‌జైట్ ఒకప్పటి ఇసుక. గట్టిపడి రాయైంది, దాదాపు అంతా పలుగే. కొండమీద శిలాతోరణం కూడా ఆ రాయే. బస్సు మలుపు తిరిగేటప్పుడు ఆ పొరలు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక వంటగట్టు సంగతి. పాలరాయి, కడప బండ రెండింట్లోనూ ముఖ్యమైనది కాల్సైట్. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కగట్టే మోస్ కొలతలో దానిది 3. కూరగాయల కత్తే దాన్ని గీస్తుంది. అంతకంటే పెద్ద తంటా పులుపు. నిమ్మరసం పడితే కాల్సైట్ కరుగుతుంది. తిరుపతిలో మా అమ్మ వంటింట్లో కడప బండ వేయించాం. చింతపండు నానబెట్టే గిన్నె పెట్టేచోట మెరుపు పోయి తెల్లటి వలయాలు పడ్డాయి. ఎంత తోమినా పోలేదు, అది మరక కాదు కాబట్టి. రాయే తరిగిపోయింది. చారు, పచ్చడి లేనిదే పూటగడవని మన ఇళ్లకు ఆ గట్టు వద్దు. అరలకైతే కడప బండను మించింది లేదు, చవక కూడా.

కొట్లలో క్వార్ట్జ్ పేరుతో అమ్మే పలక గని నుంచి వచ్చింది కాదు. సుమారు 90 శాతం పలుగు పొడిని రెసిన్ జిగురుతో అదిమి చేస్తారు. పలుగు గట్టిదనం 7, పులుపుకి లొంగదు, మరకలు అంత తేలిగ్గా ఇంకవు. కానీ జిగురు వేడికి ఓర్వదు. బజ్జీల నూనె 180 డిగ్రీల దాకా కాగుతుంది. ఆ బాణలి దించి నేరుగా పెడితే పలక రంగు మారొచ్చు, పగలొచ్చు.

గ్రానైట్‌కు ఆ భయం తక్కువ. ఫెల్డ్‌స్పార్ గట్టిదనం 6, కాబట్టి మామూలు కత్తికి గీత పడదు. లేతరంగు గ్రానైట్ సన్నని రంధ్రాల్లోకి పసుపు, నూనె దిగుతాయి. దానికి సీలర్, అంటే రంధ్రాలు మూసే పూత, పూయించక తప్పదు. కుప్పం వైపు దొరికే నల్లరాయి మరింత బిగువైనది. కొట్లో దాన్నీ గ్రానైట్ అనే అంటారు గానీ చాలావరకు అది డోలరైట్ అనే వేరే రాయి, అందులో పలుగు లేనట్టే. పేరు తప్పినా వంటింటికి నా ఓటు దానికే.

కొనేముందు కొట్లో ఒక తునక అడిగి తెచ్చుకోండి. నిమ్మరసం చుక్కలు వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున తుడిచాక మెరుపు తగ్గితే అందులో కాల్సైట్ ఉన్నట్టే. వదిన నాలుగు తునకలు తెచ్చి కిటికీలో వరసగా పెట్టింది. గట్టుకు నల్లరాయి, అరలకు కడప బండ తీసుకుంది.